తొంభై గెలుపులు, మూడు తలరాతలు

సియాటిల్ మెరైనర్స్ బేస్‌బాల్ టీం 2021లో 90 మ్యాచ్‌లు గెలిచి కూడా ప్లేఆఫ్స్‌కి పోలేకపోయింది. 2022లో మళ్ళీ సరిగ్గా 90 గెలిచి, వైల్డ్ కార్డు, అంటే డివిజన్ గెలవకపోయినా దొరికే చోటు, పట్టుకుని లోపలికి వెళ్ళింది. 2025లో ముచ్చటగా మూడోసారీ 90. ఈసారి ఏకంగా డివిజన్ (అయిదు టీంల గ్రూపు) టైటిలే వచ్చింది, ఆ పైన వరల్డ్ సిరీస్‌కి, అంటే ఫైనల్‌కి, ఎనిమిది ఔట్ల దూరం దాకా వెళ్ళి ఆగిపోయింది. మూడుసార్లూ అవే 90 గెలుపులు, అవే 72 ఓటములు. ఫలితాలకి మాత్రం ఒకదానితో ఒకదానికి పొంతన లేదు.

అక్టోబరు 20 రాత్రి టొరాంటోలో, సెమీఫైనల్ లాంటి సిరీస్‌లో, ఏడో మ్యాచ్ పోయినప్పటి నుంచీ నా చెవిన పడుతున్న ఓదార్పు ఒకటే. "పోన్లెండి, టీం బాగా కుదిరింది, కుర్రాళ్ళు మంచి వయసులో ఉన్నారు, వచ్చే ఏడాది తప్పకుండా కొడతారు." ఆఫీసులో ఇదే మాట, గుళ్ళో ప్రసాదం లైన్లో ఇదే మాట, సియాటిల్ దగ్గర బోథెల్‌లో మా వీధిలో కుక్కని తిప్పుతూ కనిపించే పెద్దాయనదీ ఇదే మాట. నాకు ఈ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. ఒక సీజన్ బాగా జరిగిందని తర్వాతి సీజన్ మీద ఏ హక్కూ రాదు. మంచి టీం కుదిరిన ఏడాదే తెగించాలి, ఆ ఏడాదే డబ్బు తీయాలి. ఈ క్లబ్బు ఆ పని చాలా ఏళ్ళు చెయ్యలేదు, 2025 జూలైలో చేసింది, చేసినందుకే ఎనిమిది ఔట్ల దాకా వచ్చాం. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దీనికి సాక్ష్యం.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళకి కాస్త నేపథ్యం చెప్పాలి. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 టీంలు, ఒక్కో టీంకి 162 మ్యాచ్‌లు. ఒక్కో మ్యాచ్ తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి ఒక్కో టీంకి మూడేసి ఔట్లు, సమంగా ఉంటే తేలేదాకా ఇన్నింగ్స్ పెరుగుతూ పోతాయి. కొట్టినవాడు మూడు బేస్‌లూ చుట్టి హోం ప్లేట్‌కి చేరితే ఒక పరుగు. మార్చి ఆఖరున మొదలై సెప్టెంబరు ఆఖరు దాకా దాదాపు రోజూ ఆటే. ఐపీఎల్‌లో లీగ్ దశ 14 మ్యాచ్‌లు కదా, అక్కడ మూడు వరసగా పోతే కెప్టెన్‌ని మార్చమని గోల మొదలవుతుంది. ఇక్కడ ఎంత గొప్ప టీమైనా మామూలుగా యాభై, అరవై మ్యాచ్‌లు ఓడిపోతుంది, అదేం వింత కాదు. ఆరు నెలలు రోజూ చిన్న చిన్న టెన్షన్లు, తర్వాత అక్టోబరులో ఒక్క నెల గుండె ఆగిపోయేంత పెద్ద టెన్షన్. మెరైనర్స్ 1977లో మొదలైన టీం. 30 టీంలలో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ ఆడనిది ఇదొక్కటే. గెలవకపోవడం సంగతి తర్వాత, అసలు ఆడనేలేదు. 2025 జూన్ 3న ఆర్‌సీబీ పద్దెనిమిదో సీజన్‌లో కప్పు కొట్టినప్పుడు బెంగళూరులో ఉండే మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, ఇంక మిగిలింది మీ వాళ్ళేనే" అన్నాడు. నేను సన్‌రైజర్స్ మనిషిని, అంటే అసలే 2024 ఫైనల్లో 113కి ఆలౌటైన బాధలో ఉన్నదాన్ని, ఇది అదనం.

ఇక్కడ చాలామందికి మెరైనర్స్ కథ 2001లో మొదలవుతుంది, 116 గెలుపులు, జపాన్ నుంచి వచ్చిన ఇచిరోకి మొదటి ఏడాది. నాకు మాత్రం అది 1995 నుంచి మొదలవ్వాలనిపిస్తుంది. అప్పట్లో నేను తెనాలిలో బడికి పోతున్నాను, బేస్‌బాల్ అంటే ఏంటో కూడా తెలీదు, ఇదంతా తర్వాత చదివి తెలుసుకున్నదే. ఆ ఏడాది ఆగస్టులో టీం అదే డివిజన్‌లోని ఏంజెల్స్ కంటే 13 మ్యాచ్‌లు వెనకబడి ఉంది. స్టేడియం కోసం పన్ను వేద్దామా అని సెప్టెంబరులో సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ జనాన్ని అడిగితే కొద్ది తేడాతో వద్దన్నారు. క్లబ్బు ఊరు వదిలి పోతుందనే మాట అప్పటికే నడుస్తోంది. సరిగ్గా ఆ రోజుల్లోనే టీం గెలవడం మొదలుపెట్టింది, ఏంజెల్స్‌ని పట్టుకుంది, టైబ్రేకర్‌లో 9-1తో కొట్టింది. అక్టోబరు 8న న్యూయార్క్ యాంకీస్ మీద ప్లేఆఫ్ సిరీస్‌లో ఐదో మ్యాచ్, పదకొండో ఇన్నింగ్స్, ఎడ్గార్ మార్టినెజ్ ఎడమ వైపు కొట్టిన డబుల్ (కొట్టినవాడు రెండో బేస్ చేరే దెబ్బ), మొదటి బేస్ నుంచి పరుగెత్తుకొచ్చి టీం స్టార్ గ్రిఫీ జారుతూ హోం ప్లేట్ అందుకోవడం. ఈ ఊళ్ళో ఆ ఒక్క దెబ్బకి వేరే పేరు అక్కర్లేదు, 'ది డబుల్' అంటే చాలు. ఆ నెలలోనే రాష్ట్ర శాసనసభ ప్రత్యేకంగా కూర్చుని కొత్త స్టేడియానికి డబ్బు దారి చూపించింది. కింగ్ కౌంటీలో హోటల్లో తిన్న ప్రతి భోజనం మీదా అర శాతం పన్ను పడింది, 2011 దాకా పడుతూనే ఉంది. వద్దని ఓటేసినవాళ్ళు కూడా కట్టారు. కొత్త స్టేడియం 1999 జూలైలో తెరిచారు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏంటంటే, ఒక మంచి సీజన్ వస్తే ఊరు వెంటనే జేబులో చెయ్యి పెడుతుంది. వచ్చే ఏడాది చూద్దాంలే అనదు. మరి క్లబ్బు? 1998లో తన గొప్ప పిచర్ (మన బౌలర్ లాంటివాడు) ర్యాండీ జాన్సన్‌ని వేరే టీంకి ట్రేడ్ చేసేసింది. 2000లో గ్రిఫీ సిన్సినాటికి వెళ్ళిపోయాడు, ఆ ఏడాది ఆఖర్లో అలెక్స్ రోడ్రిగెజ్ టెక్సాస్ ఇచ్చిన 25.2 కోట్ల డాలర్లకి వెళ్ళిపోయాడు. ముగ్గురూ పోయాక 2001లో 116 గెలవడం అనేది ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు, కానీ గెలిచారు, యాంకీస్ చేతిలో ఐదు మ్యాచ్‌లలో ఇంటికొచ్చారు. తర్వాత 2022 దాకా ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ లేదు.

ఆ ఎండిపోయిన ఏళ్ళన్నిటికీ ఒకే ఒక మనిషిని సాక్షిగా పిలవమంటే నేను ఫెలిక్స్ హెర్నాండెజ్‌ని పిలుస్తాను. 2005 నుంచి 2019 దాకా పదిహేను సీజన్లు ఇక్కడే పిచింగ్ చేశాడు. 2010లో బెస్ట్ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు. 2012 ఆగస్టు 15న టాంపా బే మీద పర్‌ఫెక్ట్ గేమ్, అంటే 27 మంది వచ్చారు, 27 మందీ వెనక్కి పోయారు, ఒక్కడూ బేస్ తొక్కలేదు. అతను ఆడే రోజు స్టేడియంలో ఒక మూలంతా పసుపు టీషర్టులతో నిండిపోయేది. అలాంటివాడు కెరీర్ మొత్తంలో ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్‌లో బంతి వెయ్యలేదు. ఒక్కటి కూడా. ప్రతి ఏడాదీ అతనితో ఎవరో ఒకరు అనే ఉంటారు, టీం తయారవుతోంది, ఓపిక పట్టు అని. పిచర్ భుజానికి ఓపిక అంటే ఏం తెలుస్తుంది చెప్పండి?

ఇక అసలు విషయానికొస్తా, 54 శాతం. 2023 సీజన్ అయిపోయాక క్లబ్బు బేస్‌బాల్ వ్యవహారాల పెద్ద జెర్రీ డిపోటో ప్రెస్ మీట్‌లో చెప్పిన సిద్ధాంతం ఇది. ఏ ఒక్క ఏడాది కప్పు మీదా కన్ను పెట్టకూడదు, అలా పెట్టినవాళ్ళు తర్వాత పదేళ్ళు బురదలో పడి లేవలేరు, పదేళ్ళ పాటు 54 శాతం గెలుస్తూ పోతే కప్పు దానంతటదే వస్తుంది అని దాని సారాంశం. అభిమానులని ఓపిక పట్టమనడం వాళ్ళకి మేలు చేయడమే అన్న ధోరణిలో కూడా మాట్లాడాడు. ఊరు భగ్గుమంది, కొద్ది రోజుల్లో క్షమాపణ చెప్పాడు. నేను ఆయన మాట తీరు గురించి మాట్లాడటం లేదు, తీరు సరిదిద్దుకున్నాడు కదా. లెక్క గురించి మాట్లాడుతున్నా. 162లో 54 శాతం అంటే ఎనభై ఏడున్నర. 2023లో టీం గెలిచింది 88. అంటే ఆయన సిద్ధాంతం ప్రకారం పరీక్ష పాసైనట్టే. పాసై, ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్స్ తప్పిపోయి, అక్టోబరంతా ఇంట్లో కూర్చున్నారు.

ఆ ఒక్క మ్యాచ్ ఎక్కడ పోయిందో వేలు పెట్టి చూపించడం ఎవరి వల్లా కాదు. కానీ జూలై ఆఖరున, ఆటగాళ్ళని మార్చుకునే ట్రేడ్ గడువుకి ముందు రోజున, ప్లేఆఫ్ రేసులో ఉండి కూడా క్లబ్బు తన క్లోజర్ పాల్ సీవాల్డ్‌ని ఆరిజోనాకి ఇచ్చేసింది. చివరి ఇన్నింగ్స్‌లో ఆట కాపాడే మనిషిని ఇచ్చేసి, భవిష్యత్తుకి పనికొచ్చే ముగ్గురిని తెచ్చుకుంది. ఆ ముగ్గురిలో ఒకడైన కాన్జోన్ 2025లో బాగానే ఆడాడు, కాదనను. కానీ 2023లో ఏమైంది? సీవాల్డ్ ఆరిజోనాతో వరల్డ్ సిరీస్‌కి వెళ్ళాడు, మనం టీవీలో చూశాం. అంతటితో ఆగారా! ఆ నవంబరులో థర్డ్ బేస్‌మన్ యుహేనియో స్వారెజ్‌ని కూడా అదే ఆరిజోనాకి పంపేశారు. టీంలో అందరూ ప్రాణంలా చూసుకునే మనిషి, గాయమైతే తప్ప మ్యాచ్ వదలని మనిషి. స్ట్రైకౌట్లు (బంతి కొట్టలేక ఔటవడం) ఎక్కువన్నారు కానీ జీతం మిగులుతుందన్నదే అసలు సంగతి అని అందరికీ తెలుసు. టెయోస్కార్ హెర్నాండెజ్‌ని కాంట్రాక్టు అయిపోయాక వదిలేశారు. అతను డాడ్జర్స్ టీంకి వెళ్ళి 33 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టి 2024లో వరల్డ్ సిరీస్ గెలిచి ఉంగరం పెట్టుకున్నాడు. అదే 2024లో మనకి లీగ్‌లోకెల్లా మంచి పిచర్లు ఉన్నారు, కొట్టేవాళ్ళు లేరు. జూన్‌లో మన డివిజన్‌లోనే ఉన్న హ్యూస్టన్ మీద పది మ్యాచ్‌ల ఆధిక్యం ఉండేది, నెల రోజుల్లో ఆవిరైపోయింది. ఆగస్టులో మేనేజర్‌ని (మన కోచ్ లాంటివాడు) మార్చి డాన్ విల్సన్‌ని తెచ్చారు. 85 గెలుపులు. మళ్ళీ ఒక్క మ్యాచ్ తేడా.

వరసగా రెండేళ్ళు ఒక్కో మ్యాచ్. ఇది దురదృష్టం అంటారు మా ఆయన. ఆయన మనిషి మంచివారే కానీ స్ప్రెడ్‌షీట్ మనిషి. ఒక్క మ్యాచ్ తేడా అంటే అది గాలివాటం అండీ, దానికి కారణాలు వెతక్కూడదు అంటారు. నేననేది వేరే. గాలివాటమే అనుకుందాం, లాటరీయే అనుకుందాం. లాటరీ అని తెలిసినప్పుడు, చేతిలో డబ్బున్నవాడు టికెట్లు ఎక్కువ కొంటాడా, ఉన్న టికెట్లు అమ్ముకుంటాడా?

2025 ఏప్రిల్‌లో ఎవరికీ పెద్ద ఆశల్లేవు. జార్జి కర్బీ భుజం నొప్పితో సీజన్ మొదట్లోనే లేడు, లోగన్ గిల్బర్ట్ ఏప్రిల్ ఆఖరున గాయపడ్డాడు, బ్రైస్ మిల్లర్ మోచెయ్యి సంగతి సరేసరి. ఫీల్డర్ రోబ్లెస్ క్యాచ్ కోసం పరుగెత్తి నెట్‌లోకి దూసుకెళ్ళి భుజం పోగొట్టుకున్నాడు. మంచి పిచర్ల మీద కట్టిన టీంకి పిచర్లే లేకపోతే ఇంకేం మిగులుతుంది? మిగిలింది కాల్ రాలీ.

రాలీ క్యాచర్. మన భాషలో కీపర్, కాకపోతే ఆటంతా గొంతుక్కూర్చునే కీపర్, గంటకి 95 మైళ్ళ బంతులు పట్టుకుంటూ, ప్రతి బంతీ ఏం వెయ్యాలో పిచర్‌కి చెబుతూ ఉండే కీపర్. ఆ పని చేసేవాడి నుంచి బ్యాటింగ్ ఎవరూ పెద్దగా ఆశించరు. క్యాచర్లలో ఒక సీజన్‌కి అత్యధిక హోమ్ రన్ల రికార్డు 48, దాన్ని ఆగస్టులోనే దాటేశాడు. రెండు చేతులా కొట్టేవాళ్ళలో మిక్కీ మ్యాంటిల్ 1961లో పెట్టిన 54 దాటేశాడు. ఈ ఊళ్ళో దేవుడి లాంటి గ్రిఫీ పేరు మీదున్న 56 కూడా దాటేశాడు. జూలైలో హోమ్ రన్ డెర్బీ అనే హోమ్ రన్ల పోటీ కూడా గెలిచాడు, నాన్న బంతులు వేస్తుంటే, తమ్ముడు వెనక క్యాచర్‌గా కూర్చుంటే. అందరూ ముద్దుగా బిగ్ డంపర్ అని పిలుస్తారు, వెనక నుంచి చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన మా అమ్మకి ఆ పేరు అర్థం చెప్పలేక తప్పించుకున్నాను. ఆవిడకి అతను 'కీపరబ్బాయి'. "ఆ కీపరబ్బాయికి మోకాళ్ళు నొప్పెట్టవూ? వాళ్ళమ్మ చూస్తోందా ఇదంతా?" అనేది. 162లో 159 మ్యాచ్‌లు ఆడాడు.

ఇలాంటి సీజన్ ఒక మనిషికి జీవితంలో ఒకసారి వస్తుంది. రెండుసార్లు వస్తే మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని బడ్జెట్ వెయ్యకూడదు. జూలై ఆఖరుకి క్లబ్బుకి ఈ జ్ఞానం వచ్చింది. వారం వ్యవధిలో ఆరిజోనా నుంచే జాష్ నేలర్‌నీ, స్వారెజ్‌నీ తెచ్చారు. అవును, జీతం మిగుల్చుకుందామని పంపేసిన ఆ స్వారెజ్‌నే! అప్పటికి ఆ ఏడాది అతను 36 హోమ్ రన్లు కొట్టి ఉన్నాడు. మా ఆయన ఆ రోజు భోజనం దగ్గర కూర్చుని, కాంట్రాక్టు మూడు నెలల్లో అయిపోయే ఇద్దరి కోసం అంతమంది కుర్రాళ్ళని ఇచ్చేశారు, దండగ అన్నారు. అదే కదండీ నేను కోరుకున్నది అన్నాను. పప్పు చల్లారిపోయింది.

నేలర్ సంగతి చెప్పకుండా ఉండలేను. లీగ్ మొత్తంలో నిదానంగా పరుగెత్తేవాళ్ళ జాబితాలో ఉంటాడు. బొద్దుగా ఉంటాడు. అలాంటివాడు సియాటిల్‌కి వచ్చాక 19 సార్లు బేస్ దొంగిలించబోయాడు (ఎవరూ బంతి కొట్టకుండానే పిచర్ కళ్ళుగప్పి తర్వాతి బేస్‌కి పరుగెత్తడం), 19 సార్లూ దొంగిలించాడు. కాళ్ళలో వేగం లేకపోతేనేం, పిచర్ ఎప్పుడు ఏమరుపాటుగా ఉంటాడో కనిపెట్టడంలో ఆరితేరాడు. మొదటి బేస్ దగ్గర ఏమీ పట్టనట్టు, బస్సు కోసం ఎదురు చూసేవాడిలా నిలబడతాడు, ఇంతలో లేడు. స్వారెజ్ మాత్రం వచ్చాక తేలిపోయాడు. సియాటిల్ తరఫున బ్యాటింగ్ సగటు .189, అంటే పది ప్రయత్నాల్లో రెండు హిట్లు కూడా లేవు. సెప్టెంబరు మొదట్లో అతని పేరెత్తితే మా ఇంట్లో ఒకరు నవ్వేవారు, ఎవరో చెప్పక్కర్లేదు.

సెప్టెంబరు మొదట్లో టీం వరసగా ఓడుతోంది. అప్పుడు ఎవరో అభిమాని ఆన్‌లైన్‌లో, ఎట్సీలో, ఒక మంత్రగత్తెకి డబ్బులిచ్చి మెరైనర్స్ గెలవాలని మంత్రం వేయించాడు. వెంటనే వరసగా పది గెలుపులు. ఊరంతా అదే ముచ్చట, స్టేడియానికి మంత్రగత్తె టోపీలు పెట్టుకుని వచ్చారు. అమ్మకి చెబితే, "ఇంత చదువుకున్నవాళ్ళు కూడా ఇలాంటివి చేయిస్తారా, మన దగ్గరే అనుకున్నా" అంది. అంటూనే పోపులపెట్టెలోంచి ఎండుమిరపకాయలు తీసి టీవీకి దిష్టి తీసింది. స్మోక్ అలారం మోగింది. ఏదైతేనేం, ఒక దశలో 18 మ్యాచ్‌లలో 17 గెలిచారు. డివిజన్‌లో సమానంగా ఉన్న హ్యూస్టన్‌ని వాళ్ళ ఊళ్ళోనే మూడుకి మూడు కొట్టారు. శనివారం ఆట రోబ్లెస్ డైవ్ చేసి పట్టిన క్యాచ్‌తో ముగిసింది, ఏప్రిల్‌లో భుజం పోగొట్టుకున్న ఆ రోబ్లెసే. సెప్టెంబరు 24న కొలరాడో మీద రాలీ తన 59వ, 60వ హోమ్ రన్లు ఒకే ఆటలో కొట్టాడు, ఆ రాత్రే డివిజన్ ఖాయమైంది. 2001 తర్వాత మొదటిసారి.

అక్టోబరు 10, శుక్రవారం, ప్లేఆఫ్స్‌లో డెట్రాయిట్‌తో ఐదో మ్యాచ్. ఓడితే ఇంటికే. టికెట్ల ధరలు చూసి కళ్ళు తిరిగి ఇంట్లోనే కూర్చున్నాం. సాయంత్రం అయిదింటికి మొదలైంది. డెట్రాయిట్ పిచర్ తారిక్ స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అతని మీద ఒక్క పరుగు రావడమే గొప్ప. అతను దిగిపోయాక ఏడో ఇన్నింగ్స్‌లో, ఆ రోజే పుట్టినరోజైన లియో రివాస్ అనే పిల్లాడు కొట్టిన సింగిల్‌తో 2-2. ఇక అక్కడి నుంచి ఎవరూ కదల్లేదు. తొమ్మిదో ఇన్నింగ్స్ అయింది, పదకొండోది అయింది, పదమూడోది అయింది. అమ్మ పెరుగన్నం తిని పడుకుని, లేచి మంచినీళ్ళకని వచ్చి, "ఇంకా అదే ఆటా?" అని సోఫాలో కూలబడింది. బుల్‌పెన్‌లో, అంటే మధ్యలో దిగే పిచర్లలో, మనుషులు అయిపోయి, మామూలుగా ఆట మొదలుపెట్టే గిల్బర్ట్‌నీ, కాస్టియోనీ మధ్యలో దింపారు. రాలీ పదిహేను ఇన్నింగ్స్ అలా గొంతుక్కూర్చునే ఉన్నాడు. పదిహేనో ఇన్నింగ్స్‌లో బేస్‌లు మూడూ నిండి ఉన్నప్పుడు హోర్హే పొలాంకో కుడి వైపు సింగిల్ కొట్టాడు, క్రాఫర్డ్ పరుగెత్తుకొచ్చాడు, 3-2. దాదాపు అయిదు గంటల ఆట. మా ఆయన, ఏ విషయానికీ గొంతు పెంచని మనిషి, అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు లైట్ వేశారు. తర్వాత తెలిసింది వాళ్ళూ అదే చూస్తున్నారని.

తర్వాతి సిరీస్ టొరాంటోతో, ముందు నాలుగు గెలిచినవాళ్ళు వరల్డ్ సిరీస్‌కి. అక్కడ మొదటి రెండూ గెలిచాం, ఇక్కడ రెండు చిత్తుగా ఓడాం. ఐదో మ్యాచ్, ఎనిమిదో ఇన్నింగ్స్, 2-1తో వెనకబడి ఉన్నాం. రాలీ హోమ్ రన్‌తో సమం చేశాడు. బేస్‌లు నిండాయి. స్వారెజ్ వచ్చాడు. ఆ .189 స్వారెజ్. గ్రాండ్ స్లామ్, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు. 6-2. ఆ ఆటలో అతనికది రెండో హోమ్ రన్. నేను మా ఆయన వైపు చూడలేదు, చూడాల్సిన అవసరం లేకపోయింది.

ఆరోది టొరాంటోలో ఓడాం. ఇక ఏడో మ్యాచ్. హులియో రోడ్రిగెజ్ హోమ్ రన్, రాలీ హోమ్ రన్, ఏడో ఇన్నింగ్స్‌కి 3-1 ఆధిక్యం. మన పిచర్ బ్రయన్ వూ ఒకడికి వాక్ ఇచ్చాడు (బంతులు గురి తప్పి ఊరికే మొదటి బేస్ ఇవ్వడం), తర్వాతివాడు సింగిల్ కొట్టాడు, ఆ తర్వాతివాడు బంతిని మెల్లగా తట్టి, అంటే బంట్‌తో, తను ఔటై ఇద్దరినీ ముందుకి జరిపాడు. విల్సన్ లేచాడు. వూ బదులు ఎడువార్డ్ బజార్డోని తెచ్చాడు. ఎదురుగా జార్జి స్ప్రింగర్, మూడు రోజుల కిందటే ఇక్కడ మోకాలికి బంతి తగిలి కుంటుకుంటూ వెళ్ళినవాడు. రెండో బంతికి ఎడమ వైపు స్టాండ్స్‌లోకి మూడు పరుగుల హోమ్ రన్. 4-3. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ముగ్గురికి ముగ్గురూ స్ట్రైకౌట్, ఆఖరివాడు హులియో. రాలీ తన వంతు కోసం బ్యాట్ పట్టుకుని ఎదురుచూస్తూ అక్కడే ఉండిపోయాడు.

అప్పటి నుంచీ ఊళ్ళో నడుస్తున్న పంచాయితీ ఒకటే. బజార్డో ఎందుకు, టీంలో బెస్ట్ రిలీవర్ (మధ్యలో దిగే పిచర్) ఆండ్రెస్ మున్యోజ్ ఉండగా? మున్యోజ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వచ్చాడు, అప్పటికి కాపాడటానికి ఏమీ మిగల్లేదు. మా ఆయన కూడా ఈ పక్షమే. పెద్ద ఆపద వచ్చినప్పుడు పెద్ద ఆయుధం వాడాలి, ఏడో ఇన్నింగ్స్ అయితేనేం అంటారు. నిజమే, నేనైనా మున్యోజ్‌నే తెచ్చేదాన్ని. కానీ ఆ 15 ఇన్నింగ్స్ రాత్రి ఆటని నిలబెట్టినవాళ్ళలో బజార్డో ఒకడని ఎవరికీ గుర్తు లేదు. అతన్ని నమ్మడం మేనేజర్‌కి ఆ రాత్రి కొత్తగా పుట్టిన పిచ్చి ఏమీ కాదు. ఒక బంతికి ఒక సీజన్‌ని కట్టేసి ఒకడి మెడలో వెయ్యడం నాకు నచ్చదు.

సరే, అంతగా వెతకాలంటే ఇంకో చోట వెతకండి. సీజన్‌లో టొరాంటో 94 గెలిచింది, మనం 90, అందుకే ఏడో మ్యాచ్ అక్కడ జరిగింది. ఇంటి దగ్గర మనం 51 గెలిచి 30 ఓడాం, బయట 39 గెలిచి 42 ఓడాం. ఈ సిరీస్‌లో మొదటి నాలుగూ బయట టీంలే గెలిచాయి కాబట్టి ఇంటి బలం ఇక్కడ చెల్లలేదని మా ఆయన వెంటనే ఎదురు లెక్క తీస్తారు, తీశారు కూడా. అయినా సరే, ఆ ఏడో మ్యాచ్ మన స్టేడియంలో, పక్కనే గూడ్సు రైలు హారన్ మోగుతూ, 47 వేల మంది నిలబడి ఉండగా జరిగి ఉంటే బాగుండునని నేను అనుకోవడానికి ఏ స్ప్రెడ్‌షీట్ అనుమతీ అక్కర్లేదు. ఆ నాలుగైదు గెలుపులు మే, జూన్ నెలల్లో ఫస్ట్ బేస్, థర్డ్ బేస్ దగ్గర సరైనవాళ్ళు లేక చేజారిన ఆటల్లో ఉన్నాయి. నేలర్‌నీ స్వారెజ్‌నీ జూలైలో తేవడం మంచిదే. ఆ ఖాళీలు అంతకు ముందు చలికాలంలోనే అందరికీ కనిపించాయి, అప్పుడే నింపాల్సింది.

మా ఆయన ఆఖరి వాదన ఇది: మరి తెగించినా ఓడిపోయారుగా, 54 శాతం సిద్ధాంతంలో తప్పేముంది? తప్పు ఏంటంటే, అది క్లబ్బు వయసుని లెక్క పెడుతుంది, ఆటగాళ్ళ వయసుని లెక్క పెట్టదు. క్లబ్బుకి పదేళ్ళంటే ఏం లేదు, యజమానులు ఉంటారు, స్టేడియం ఉంటుంది, గార్లిక్ ఫ్రైస్ అమ్ముడుపోతూనే ఉంటాయి. ఫెలిక్స్‌కి పదేళ్ళంటే కెరీర్. నాకూ అంతే, మా అమ్మకి మరీనూ. 90, 90, 90 అని మూడుసార్లు వచ్చి మూడు రకాలుగా ముగిసిందంటే, 90 దగ్గర నిలబడి ఎదురుచూడటం పద్ధతి కాదని అర్థం. 95కి పోవాలి, డబ్బు పెట్టి పోవాలి.

ఇది రాస్తున్నది 2025 డిసెంబరులో. నవంబరులో నేలర్‌కి అయిదేళ్ళకి 9.25 కోట్ల డాలర్లిచ్చి ఉంచేసుకున్నారు. ఈ క్లబ్బు నుంచి ఇంత త్వరగా ఇంత మంచి వార్త వస్తుందని నేను అనుకోలేదు. ఆ పదిహేనో ఇన్నింగ్స్ పొలాంకో మాత్రం రెండేళ్ళకి న్యూయార్క్ మెట్స్‌కి వెళ్ళిపోయాడు. రాలీకి 29 నిండాయి, క్యాచర్ల మోకాళ్ళు ముప్పై దాటాక ఎలా ఉంటాయో మా అమ్మ కూడా చెప్పగలదు. క్రాఫర్డ్, అరోజరేనా కాంట్రాక్టులు 2026తో అయిపోతాయి, గిల్బర్ట్‌ది 2027తో. రెండో బేస్ దగ్గర ఎవరు ఆడతారో ఇవాళ్టికి తేలలేదు. ఎవరినైనా తేవాలంటే జూలై దాకా ఆగక్కర్లేదు, ఫిబ్రవరిలో ట్రైనింగ్ క్యాంపు మొదలయ్యేలోపు తేవచ్చు. మా ఆయన దగ్గర పేర్లు, జీతాలు, వయసులతో ఒక జాబితా తయారుగా ఉంది, ఈసారి అందులో దండగ అన్న కాలమ్ లేదు.